ఆరు లెక్కపెట్టేదాకా

కాసులమ్మ తలగుడ్డ గానుగ రోలర్ల మధ్యకి పోయి, అవతలి పక్క చెరకు పిప్పితో కలిసి అప్పడంలా బయటికొచ్చింది. తల మాత్రం ఇవతలే ఉండిపోయింది. అందుకు కాసులమ్మ చురుకుతనాన్ని మెచ్చుకోవాలే తప్ప, సువార్త కట్టిన యంత్రాన్ని మెచ్చుకోవడానికి ఏమీ లేదు. ఆ సంగతి అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. అందరికంటే బాగా సువార్తకి తెలుసు.

జరిగింది ఇదీ. వంకర చెరకు గడ ఒకటి అడ్డం తిరిగితే సరిచెయ్యడానికి కాసులమ్మ వంగింది. గడ్డం కింద ముడేసుకున్న తలగుడ్డ కొస జారి గడల మధ్య పడింది. గడలు ముందుకి పోతున్నాయి, వాటితో పాటు గుడ్డా పోతోంది. ఆవిడ వెంటనే పక్కనున్న ఎర్ర బటన్ని అరచేత్తో కొట్టింది. ఏదీ ఆగలేదు. మళ్ళీ కొట్టింది. మెడ వంగిపోతుంటే మూడోసారి కొట్టడం మానేసి, ముడి లాగేసుకుని వెనక్కి పడింది. అంతా అయిపోయాక, పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన చుట్టంలా తీరిగ్గా గానుగ ఆగింది.

"ఆరు," అన్నాడు రసం కాచే పెనం దగ్గర నిలబడ్డ సత్తియ్య. బెల్లం పాకం చూసే మనిషి కాబట్టి దేన్నైనా లెక్కపెట్టడం అతనికి అలవాటు. "నొక్కిన కాడ్నించి ఆగేదాకా ఆరు లెక్కెట్టేను."

కాసులమ్మ నేల మీద కూర్చుని మెడ తడుముకుంటోంది. సువార్త పరిగెత్తుకెళ్ళి పట్టుకోబోతే చెయ్యి విదిలించేసింది.

"ఏటమ్మా ఇది? నొక్కితే ఆగిపోద్దన్నావు. ఆగిందేటి?"

సువార్త వంగి, బటన్ వెనక తీగ ఊడిందేమోనని లాగి చూసింది.

శారదా నది దాటాక, అనకాపల్లికి రెండు మైళ్ళ దూరంలో ఉంది ఆ గానుగ. నానాజీ అనే రైతుది. సువార్త ఊళ్ళో త్రినాధరావు గారి మోటార్ల రిపేరు షాపులో పనిచేస్తుంది. పెళ్ళికి ముందు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన మనిషి. గానుగలో చెరకు చేత్తో పెట్టే పని లేకుండా చెయ్యాలని రెండేళ్ళు తల బద్దలుకొట్టుకుని, ఈ 2006 సీజనులో, నానాజీ కాళ్ళావేళ్ళా పడి ఈ ఏర్పాటు పెట్టించింది. గడల్ని ఒక రబ్బరు పట్టా మీద వేస్తే చాలు, చిన్న మోటారు ఆ పట్టాని నడిపి రోలర్లకి అందిస్తుంది. పట్టా పక్కన ఒక డబ్బా. దానికి వేగం మార్చడానికి ఫ్యాను రెగ్యులేటర్ లాంటిది ఒకటి, ఆపడానికి ఎర్ర బటన్ ఒకటి, లోపల ఒక చిప్పు. ముప్పై గజాల అవతల, పెనం ఉన్న షెడ్డులో, మోటారు స్టార్టర్ పక్కన ఇంకో డబ్బా, అందులో ఇంకో చిప్పు. ఇక్కడి చిప్పు చెబుతుంది, అక్కడి చిప్పు విని మోటార్లని నడుపుతుంది, బ్రేకు వేస్తుంది. రెంటి మధ్యా ఒక సన్నటి తీగ. అందులోంచి మాటలు ఒకదాని వెనక ఒకటి వరసగా వెళ్తాయి. సీరియల్ అంటారు దాన్ని.

అంత చదువూ, అంత కష్టమూ దేనికంటే, ఒక చేతి కోసం. మూడేళ్ళ కిందట ఇదే గానుగలో సువార్త మొగుడు జాన్ బాబు చెరకు పెడుతుంటే కుడి చెయ్యి రోలర్లలోకి పోయింది. అప్పట్లో షెడ్డులో స్టార్టర్ దగ్గర ఉండే పని సువార్తదే. అతను ఆపమని కేకేశాడు. ఆమె ఆపేసరికి మణికట్టు దాకా అయిపోయింది. గానుగ మోతలో కేక వినబడలేదని సువార్త చెప్పింది. అందరూ నమ్మారు. గానుగ మోత అలాంటిది మరి, పక్కవాడి తుమ్ము కూడా వినబడదు.

నానాజీ పొలం గట్టు మీదనుంచి వచ్చి, నలిగిన తలగుడ్డని కర్రతో పైకెత్తి చూశాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి పోయాక కూడా జాన్ బాబుని పన్లోంచి తియ్యలేదు, పిప్పి ఆరబెట్టే పని ఇచ్చాడు. కానీ అతని ముఖం ఇప్పుడు చూడ్డానికి బాగాలేదు.

"సూడమ్మా సువార్తా," అన్నాడు. "నీ మాట మీద అయిదు రోజులు సూసేను. మంగళారం ఒకపాలి అస్సలు ఆగనేలేదు. తీగ మారిత్తానన్నావు, మార్చేవు. ఇయ్యాల సూడు, మనిసే పోయుండేది. నరికీసిన సెరకు నాకోసం ఆగదు కదా. రేపు పొద్దుటికి బాగయితే సరే. లేకపోతే ఈ పట్టా పీకించేత్తాను. ఎప్పట్లాగే సేత్తోటే పెట్టిత్తాను."

"నానెట్టను బాబూ," అంది కాసులమ్మ వెంటనే. "నాకిద్దరు పిల్లలున్నారు. యంత్రమూ ఒద్దు, సెయ్యీ ఒద్దు."

ఉన్న కూలీలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు పిప్పి కుప్ప దగ్గర్నించి జాన్ బాబు లేచాడు.

"నానెడతాను," అన్నాడు. "ఎడం సెయ్యుంది కదా."

ఆ మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే, సువార్తకి అరవాలనిపించింది, కొట్టాలనిపించింది. పదిమంది ముందు ఏదీ చెయ్యలేక, "రేపు పొద్దుటికి బాగుచేత్తాను," అంది. ఎలా బాగుచేస్తుందో ఆమెకే తెలీదు.

గానుగ ఆపేశారు. కూలీలు అన్నాలకి వెళ్ళారు. సువార్త షెడ్డులో నేల మీద కూలబడి రెండు డబ్బాలూ విప్పింది.

మొదట తీగని అనుమానించింది. మంగళవారం మార్చిన తీగే, అయినా మళ్ళీ గజం గజం చేత్తో తడుముతూ చూసింది. ఎక్కడా తెగలేదు, ఎలక కొరకలేదు. కరెంటుని అనుమానించింది. పొలాలకొచ్చే కరెంటు పొద్దుటొకలా మధ్యాహ్నమొకలా ఉంటుంది. దాన్ని తీసేసి బ్యాటరీ పెట్టింది. ఆలస్యం అలాగే ఉంది. పెద్ద మోటారు తిరుగుతున్నప్పుడు పుట్టే అలజడి సన్న తీగలోకి దూరుతోందేమో అనుకుంది. మోటార్లు రెంటినీ విప్పేసి, వాటి బదులు రెండు చిన్న బల్బులు పెట్టింది. ఇప్పుడు ఏ అలజడీ లేదు. అయినా రెగ్యులేటర్ కాసేపు తిప్పి, ఎర్ర బటన్ నొక్కితే, బల్బు తన ఇష్టమొచ్చినప్పుడు ఆరింది.

"అయిదు," అన్నాడు సత్తియ్య. అన్నానికి వెళ్ళకుండా ఉండిపోయాడు పెద్దాయన. సాయం చెయ్యడానికి అతనికి చేతనయింది లెక్కపెట్టడమే, అది మానకుండా చేస్తున్నాడు.

"మళ్ళీ తిప్పు, సత్తియ్య మామా."

"ఆరు."

"మళ్ళీ."

"ఆరే తల్లీ. ఎన్నిసార్లు సూసినా ఆరే."

ఒంటిగంట దాటింది. రేకుల షెడ్డు నిప్పుల గుండంలా ఉంది. సువార్త చెమట డబ్బాలో పడుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది. స్క్రూ ఒకటి జారి బూడిదలో పడిపోతే, దాన్ని వెతుకుతూ వెతుకుతూ ఏడ్చేసింది. ప్రార్థన చెయ్యబోయింది. మాటలు సరిగా రాలేదు. ప్రభువా, ఒక చెయ్యి తీసుకున్నావు కదా, రెండోది కూడా కావాలా నీకు, అని అడిగేసింది. ఆదివారం గుళ్ళో ఎవరైనా అలా అంటే చెవులు మూసుకునేది. ఇప్పుడు అనుకున్నందుకు భయం కూడా వెయ్యలేదు. అంత దూరం వచ్చేసింది పరిస్థితి.

స్క్రూ దొరికాక, అలిసిపోయి, దేన్నీ ముట్టుకోకుండా గోడకి చేరబడింది. సత్తియ్య కుండలోంచి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగింది. లేచి, ఊరికే, ఏ ఆశా లేకుండా ఎర్ర బటన్ నొక్కింది.

బల్బు ఠక్కున ఆరింది.

ఇద్దరూ బల్బు వంక చూశారు.

"నాను లెక్క మొదలెట్టనేలేదు," అన్నాడు సత్తియ్య.

మళ్ళీ వెలిగించి, నొక్కింది. ఠక్కున ఆరింది. ఇప్పుడు రెగ్యులేటర్ అటూ ఇటూ పది పన్నెండు సార్లు తిప్పి నొక్కింది. రెండు. ఇంకాసేపు తిప్పింది. నాలుగు. తిప్పుతూనే ఉంది. ఆరు. ఆరు దగ్గర ఆగిపోయింది, ఏడుకి పోలేదు. తిప్పడం మానేసి, నీళ్ళు తాగినంతసేపు ఊరుకుని నొక్కింది. ఠక్కున ఆరింది.

అయితే తీగ తప్పు కాదు. తీగలో మాట వెంటనే వెళ్తోంది. వెళ్ళినచోట వేచి ఉంటోంది.

పట్టా పెట్టిన మొదటి రెండు రోజులూ దాని దగ్గర నిలబడ్డది జాన్ బాబు. ఉన్నది ఒక్క చెయ్యి, అది గడలు సర్దడానికే సరిపోయేది, రెగ్యులేటర్ జోలికి పోయేవాడు కాదు. ఆ రెండు రోజులూ అంతా బాగుంది. మూడో రోజునుంచీ కాసులమ్మ. పదేళ్ళు చేత్తో గానుగకి చెరకు పెట్టిన మనిషి. లావు గడ వస్తే నెమ్మదిగా, సన్న గడ వస్తే జోరుగా పెట్టడం ఆవిడ చేతికి వచ్చిన విద్య. ఆ చెయ్యి రెగ్యులేటర్ మీద పడితే ఊరుకుంటుందా? క్షణక్షణం తిప్పుతూనే ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ ఒక మాట తీగలోకి వెళ్తుంది. ఇంటి దగ్గర బల్ల మీద పెట్టి పరీక్ష చేసినప్పుడు సువార్త ఒకసారి తిప్పేది, చూసేది, ఇంకోసారి తిప్పేది. కాసులమ్మ తిప్పినట్టు ఎవరైనా తిప్పుతారని ఆమెకి తోచనే లేదు. నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్ళకి తోచని సంగతులు ఇలాంటివే ఉంటాయి.

సంచీలోంచి ప్రోగ్రాం కాగితాలు తీసింది. షాపు ప్రింటర్‌లో తీసిన పొడుగాటి కాగితం, మడతలు మడతలుగా. స్టార్టర్ పక్కనున్న చిప్పుకి తను రాసిపెట్టిన పని అందులో ఉంది. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వెళ్ళింది.

వచ్చిన మాటల్ని వరసలో నిలబెట్టు. వరసలో ముప్పై రెండింటికి చోటు. మొదటిది తీసుకో. మోటారుకి కుదుపు రాకుండా మెల్లగా ఆ వేగానికి తీసుకెళ్ళు. అది పూర్తయ్యాక రెండోది తీసుకో. అది పూర్తయ్యాక మూడోది. ఒక్కోదానికి సెకనులో అయిదో వంతు. ముప్పై రెండు పూర్తయ్యేసరికి ఆరు సెకన్ల పైమాట. ఆపమన్న మాట వచ్చినా అంతే, అది కూడా వెళ్ళి వరసలో చివర నిలబడాలి. దాని ముందు, ఎప్పుడో అడిగిన, ఇప్పుడెవరికీ అక్కర్లేని వేగాలన్నీ ఒకటొకటిగా ముగియాలి. వరస నిండిపోయి ఉంటే కొత్తగా వచ్చిన మాటకి చోటే లేదు, బయటే పోతుంది. మంగళవారం జరిగింది అదే. ఆపమన్న మాట గుమ్మంలోనే చచ్చిపోయింది.

కాగితం అంచున ఆమె దస్తూరీలోనే పెన్సిల్‌తో ఒక మాట ఉంది, కింద గీతతో సహా. రాసినప్పుడు ఎంతో గర్వపడి రాసుకుంది. 'ముట్టుకున్న పని ముగించాకే ఇంకోటి.'

సువార్త చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

ఆ మాట ఆమెది కాదు. గానుగది. గానుగ పన్లోకి వచ్చిన మొదటిరోజు ప్రతి కూలీకీ చెప్పే మాట. పెనం దగ్గర పాకం చూసేవాడు ఒక పని చెబితే, ముట్టుకున్నాక ముగించే కదలాలి. మధ్యలో వదిలితే బెల్లం పాడు, పదిమంది రోజంతా పడ్డ కష్టం పాడు. అందుకే ఇల్లు కాలుతున్నా సరే, పెనం పని ఆగదు.

మూడేళ్ళ కిందట ఆ రోజు సత్తియ్య ఆమెకి ఒక పని చెప్పాడు. పెనంలో రసం పొంగుతోంది, సున్నపు తేట మూడు చెంబులు పొయ్యమ్మా, అన్నాడు. మొదటి చెంబు పోసింది. రెండో చెంబు పోస్తుండగా కేక వినబడింది.

వినబడింది. గానుగ మోత ఉన్నా, సత్తియ్యకి వినబడకపోయినా, ఆమెకి వినబడింది. తన మొగుడి గొంతు. ఆపూ, అని. ఆమె తల తిప్పింది కూడా. ఇంకొక్క చెంబే కదా, అనుకుంది. వంచి, ముంచి, మూడో చెంబు పోసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అప్పుడు వెళ్ళి స్టార్టర్ ఆపింది.

ఆ మూడో చెంబు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు, దేవుడికీ సూటిగా చెప్పలేదు. మోతలో వినబడలేదని ఎన్నిసార్లు చెప్పిందంటే, కొన్నాళ్ళకి తనే నమ్మడం మొదలుపెట్టింది. కానీ చెయ్యి నమ్మలేదు. ప్రోగ్రాం రాయమంటే ఆ చెయ్యి అప్పుడు చేసిందే మళ్ళీ రాసిపెట్టింది. ఒక మనిషి చెయ్యి పోగొట్టిన తప్పుని, ఇంకో చెయ్యి పోకుండా చూడాల్సిన యంత్రంలోకి ఎక్కించి, పైగా దానికింద గీత గీసుకుంది.

"ఏటమ్మా, దొరికిందా?" అన్నాడు సత్తియ్య.

"దొరికింది మామా," అంది. అంత చచ్చుగా ఎందుకందో ఆయనకి అర్థంకాలేదు.

చిప్పు పీకి సంచీలో వేసుకుని ఊళ్ళోకి వచ్చింది. షాపు తెరిచే ఉంది గానీ కరెంటు లేదు. నాలుగింటి దాకా కోత అన్నారు త్రినాధరావు గారు. అంతసేపూ కంప్యూటర్ ముందు కూర్చుని నల్లటి తెరలో తన ముఖం చూసుకుంటూ గడిపింది. కరెంటు వచ్చాక రాయడానికి గంట కూడా పట్టలేదు. ఆపమన్న మాట ఇక వరసలో నిలబడదు. అది రాగానే చేస్తున్నదాన్ని ఎక్కడికక్కడ వదిలేసి, ముందు ఆపాలి. వేగాల్లో అన్నిటికంటే కొత్తదొక్కటే ఉంచుకుని పాతవన్నీ పారెయ్యాలి. అంతటితో ఊరుకోలేదు. ఎర్ర బటన్ నుంచి స్టార్టర్‌కి, చిప్పులతో నిమిత్తం లేకుండా, నేరుగా ఇంకో తీగ వెయ్యాలనుకుంది. ఆ పని మొదటిరోజే చేసి ఉండాల్సిందని తనని తాను తిట్టుకుంది. ఒక చుట్ట తీగ కొనుక్కుని, చీకటి పడే వేళకి ఇల్లు చేరింది.

జాన్ బాబు అప్పటికే వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. ఎడం చేత్తో అన్నం ముట్టుకోవడం ఇష్టంలేక అతను చెంచాతో తింటాడు. కంచంలో అన్నం పప్పు కలిపి ఇవ్వడం సువార్త పని. ఆ రోజూ కలిపి ముందు పెట్టింది. అతను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఆమె ఆమెన్ అనడం కోసం ఆగాడు. ఆమె అనలేదు.

"ఏటయింది? బాగవలేదా?" అన్నాడు కళ్ళు తెరిచి. "పోనీలే. సెప్పేను కదా, నాను జాగర్తగా..."

"నాకు ఇనబడింది బావా."

"ఏటి?"

"ఆ రోజు నీ కేక. ఇనబడింది. సత్తియ్య మామ మూడు సెంబులు పొయ్యమన్నాడు. రెండోది పోత్తన్నాను. ఇనబడింది. మూడోది కూడా పోసేసి వెళ్ళేను."

చెప్పేసింది. మూడేళ్ళు గొంతులో పెట్టుకున్నది నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఏడుపు రాలేదు. ఇప్పుడు అతను కొట్టినా, తిట్టినా, బాగుండుననిపించింది.

జాన్ బాబు చెంచా కంచంలో పెట్టాడు.

"అయితే నాను గట్టిగానే అరిసేను," అన్నాడు.

సువార్తకి మొదట అర్థంకాలేదు.

"గట్టిగా అరవలేకపోయేనేమో అనుకున్నాను. మూడేళ్ళనుంచీ అదే అనుకుంటన్నాను. బయంతో గొంతు పెగల్లేదేమో, ఇంకొంచెం గట్టిగా అరిసుంటే నువ్వొచ్చేదానివి కదా, నా సెయ్యి నానే పోగొట్టుకున్నాను కదా అనీసి." కంచం పక్కకి జరిపాడు. "పిప్పి కాడ ఒక్కన్నే ఉన్నప్పుడు అరిసి సూసుకునేవోన్ని. ఎంత గట్టిగా వత్తాదో అని."

"బావా..."

"గట్టిగానే అరిసేనన్నమాట."

లేచాడు. ఎడం చేత్తో గోడ పట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. సువార్త కాళ్ళ మీద పడబోయింది. అతను పక్కకి తప్పుకున్నాడు. విసురుగా కాదు, దారిలో ఉన్న బిందెని తప్పించుకున్నట్టు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇంటికి రాలేదు. కలిపిన అన్నం కంచంలోనే ఎండిపోయింది. ఆమె దాన్ని తీయలేదు.

తెల్లవారి గానుగ దగ్గరికి వెళ్ళేసరికి జాన్ బాబు పిప్పి కుప్ప దగ్గర ఉన్నాడు. నిన్నటి చొక్కాయే. ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా పలకరించే ధైర్యం చెయ్యలేక, చిప్పు పెట్టి, కొత్త తీగ వేసి, మోటార్లు కలిపింది. నానాజీ వచ్చాడు. గానుగ వేశారు. సత్తియ్య నోరు తెరిచి సిద్ధంగా నిలబడ్డాడు. సువార్త రెగ్యులేటర్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పి ఎర్ర బటన్ నొక్కింది. రోలర్లు బిగుసుకుపోయినట్టు ఆగిపోయాయి.

"ఒకటి అనడానికి కూడా కాళీ లేదు," అన్నాడు సత్తియ్య నోరు మూసుకుంటూ.

నానాజీ ముఖం వికసించింది. "బాగుంది. కాసులమ్మా, రా."

కాసులమ్మ కదల్లేదు. "నిన్నా బాగుందనే అన్నారు," అంది.

ఎవరు నిలబడతారన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. సువార్త తనే నిలబడదామని అడుగు వేసేలోపు జాన్ బాబు వచ్చి పట్టా పక్కన నిలబడ్డాడు.

"నువ్వు స్టార్టర్ కాడికెల్లు," అన్నాడు. రాత్రినుంచీ ఆమెతో అన్న మొదటి మాట అది.

వెళ్ళింది. ముప్పై గజాలు నడవడానికి ఆమెకి చాలాసేపు పట్టినట్టనిపించింది.

జాన్ బాబు ముందు పది నిమిషాలు రెగ్యులేటర్ తిప్పాడు. కాసులమ్మ కంటే ఘోరంగా, కావాలని, అటూ ఇటూ. తర్వాత మొండి చేత్తో ఎర్ర బటన్ గుద్దాడు. ఆగింది. మళ్ళీ వేయించాడు, మళ్ళీ గుద్దాడు. ఆగింది. అలా ఎనిమిది సార్లు. ప్రతిసారీ రోలర్ల వంక అలా చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిదోసారికి నానాజీకి ఓపిక పోయింది. "సాల్లేరా బాబూ, రసమంతా పులిసిపోద్ది," అని అరిచాడు. జాన్ బాబు వినిపించుకోలేదు. గడలు వేయమన్నాడు. పట్టా కదిలింది, గానుగ మోత అందుకుంది, రసం తొట్టిలోకి ధారకట్టింది. సువార్త షెడ్డులో డబ్బా మూత పెట్టి స్క్రూ బిగిస్తోంది. సగం బిగిసింది.

"ఆపూ!"

బటన్ నొక్కలేదు అతను. దానికి రెండడుగుల దూరంలో నిలబడి, ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని, తల పైకెత్తి కేకేశాడు. అంతే.

స్క్రూడ్రైవర్ ఎక్కడ పడిందో సువార్తకి తెలీదు. మూత ఊగుతూ ఉండిపోయింది. స్టార్టర్ మీద ఆమె చెయ్యి పడింది, గానుగ ఆగింది. మోత పోయి, అంతా నిశ్శబ్దమయింది. రసం చుక్కలు పడుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఇనబడిందా?" అన్నాడు జాన్ బాబు అక్కణ్ణించి.

"ఇనబడింది," అంది సువార్త.

సంగతేమీ తెలియని సత్తియ్య తన అలవాటు కొద్దీ లెక్క చెప్పాడు. "రెండు," అన్నాడు. "కేకకీ ఆపడానికీ రెండు. యంత్రమంత కాదు గానీ, మనిసికి రెండంటే బాగా తక్కువే."

రెండు. ఆ రోజు కూడా రెండే పట్టి ఉండేది. సువార్త స్టార్టర్ పట్టుకునే నిలబడింది. అవతల జాన్ బాబు తన మొండి చేతిని చూసుకుంటున్నాడు. రెండు లెక్కపెడుతున్నాడో ఏమో, పెదాలు కదిలాయి. తర్వాత కాసులమ్మని పిలిచి, బటన్ ఎక్కడుందో చూపించి, గడలు వేసుకోమని చెప్పి, పిప్పి కుప్ప దగ్గరికి వెళ్ళిపోయాడు.